ఊరంతా మా సందులోంచే

పెద్ద రోడ్డు మూసేసిన మొదటి వారమంతా మా అత్తమ్మ గోడవైపు తిరిగి పడుకునే ఉంది. అంతకు ముందు ఆరు నెలలూ అలాగే పడుకుంది కాబట్టి అందులో మాకు వింతేమీ కనిపించలేదు.

మామయ్య ఆకులు రాలే కాలంలో పోయాడు. నలభయ్యో రోజు భోజనాలయ్యి, వచ్చిన బంధువులు ఎవరి దారిన వాళ్ళు వెళ్ళిపోయాక, ఆవిడ పొయ్యికి దగ్గరగా పరుపు వేయించుకుని మొహం గోడకి పెట్టింది. డాక్టరమ్మ వచ్చి చూసి ఒంట్లో ఏ జబ్బూ లేదంది. "లేవాలనిపించిన రోజు ఆవిడే లేస్తుంది," అని బూట్లు తొడుక్కుని వెళ్ళిపోయింది. ఆ రోజు రాలేదు. సూపు పట్టుకెళ్తే రెండు గుక్కలు తాగి గిన్నె పక్కకి తోసేది. మాట్లాడితే ఒకటే మాట: "తలుపు వెయ్యి, చలి."

నేనా ఇంటికి కోడలిగా వచ్చి అప్పటికి రెండేళ్ళు. పెద్ద రోడ్డుకి అవతల ఒక షెడ్డులో పాతికమంది ఆడవాళ్ళతో కలిసి మిషను కుట్టేదాన్ని. ఆవిడని ఒంటరిగా వదల్లేక పని మానేశాను. నా భర్త జోల్దోష్ పెద్ద రోడ్డు మీదే వ్యాను తోలేవాడు, చెయ్యెత్తిన చోటల్లా మనుషుల్ని ఎక్కించుకుంటూ బజారు నుంచి బస్టాండు దాకా. ఆ వ్యాను మామయ్యది. మోకాళ్ళు పట్టేసేవరకూ ఆయనే తోలి, ఆ తర్వాత తాళాలు కొడుకు చేతిలో పెట్టాడు. కిటికీలకి తెరలు అత్తమ్మ కుట్టింది. నీలం గుడ్డ, తెల్ల అంచు, అడుగున ఎర్ర దారంతో పొట్టేలు కొమ్ముల అల్లిక. మా నగరం బిష్కెక్‌లో అలాంటి తెల్ల వ్యాన్లు ఎన్ని తిరిగినా, ఆ తెరలు చూసి మా బండిని దూరం నుంచే గుర్తుపట్టేవాళ్ళు.

ఏప్రిల్‌లో పెద్ద రోడ్డుకి రెండు వైపులా ఉన్న చెట్లు కొట్టేశారు. ఆ తర్వాత పొక్లెయిన్లు వచ్చాయి. ఈ చివర్నుంచి ఆ చివరిదాకా ఒక్కసారే తవ్వి పారేశారు. ఒక పక్క తవ్వుకుంటూ ఇంకో పక్క వదలచ్చు కదా అని అడిగిన వాళ్ళకి జవాబు చెప్పే నాథుడు లేడు. ఊళ్ళో సగం బళ్ళు ఆ రోడ్డు మీదే తిరిగేవి. అవన్నీ ఎటు పోవాలి?

మా సందులోకి వచ్చాయి.

నిజానికి దారి మళ్ళింపు బోర్డు పెట్టింది మా సందు మొదట్లో కాదు. రెండు వీధుల అవతల పెట్టారు. ఆ దారి కిక్కిరిసిపోయేసరికి జనం ఫోన్లు తీసి మ్యాపులు చూసుకున్నారు. ఆ ఫోన్లు మా సందుని కనిపెట్టాయి. గాడిదబండి తిరగడానికి వేసిన మట్టి సందు అది. ఒకవైపు పిల్లకాలువ. మా గేటు దాటాక ఒక వంపు. ఆ వంపులో కరెంటు స్తంభం. అక్కడ ఒక్క బండి పడుతుంది, రెండోది పట్టదు. పొద్దున్నే లేచి తలుపు తీస్తే కళ్ళెదుట దుమ్ము, హారన్లు, కిటికీల్లోంచి బయటికొచ్చిన మోచేతులు. దక్షిణాన మంచుకొండలున్నాయన్న సంగతే మర్చిపోయాం.

రెండో వారంలో ఒకరోజు వంపు దగ్గర ఇసుక లారీ, ఒక టాక్సీ ఎదురుబదురుగా ఆగిపోయాయి. నువ్వు వెనక్కి తియ్యంటే నువ్వు తియ్యని ఇద్దరూ దిగారు. నేను గేటు సందులోంచి చూస్తున్నాను. లారీవాడు చొక్కా చేతులు పైకి మడుస్తున్నాడు. టాక్సీవాడు వాళ్ళమ్మనీ వీళ్ళమ్మనీ తలుచుకుంటున్నాడు. వెనక బళ్ళన్నీ కలిసి హారన్లు మోగించాయి.

"ఎవడ్రా అది!" అని ఇంట్లోంచి కేక వినిపించింది.

తిరిగి చూస్తే అత్తమ్మ గడపలో నిలబడి ఉంది. మామయ్య దూది కోటు భుజాలమీద వేసుకుని, కాళ్ళకి ఉన్ని చెప్పులతో. ఆర్నెల్లుగా దువ్వని జుట్టు రుమాలు కిందనుంచి వేలాడుతోంది. నేను చెయ్యి పట్టుకోబోతే విదిలించుకుని, గేటు తీసుకుని నేరుగా వాళ్ళ మధ్యకి వెళ్ళింది.

"నీ వెనక ఎన్ని బళ్ళున్నాయి?" అని లారీవాణ్ణి అడిగింది.

"మసీదు దాకా ఉన్నాయి, అపా." పెద్దావిడల్ని మా వైపు అలాగే పిలుస్తారు.

"నీ వెనక?"

టాక్సీవాడు వెనక్కి తిరిగి చూసుకున్నాడు. "రెండో మూడో."

"మరి మూడు వెనక్కి పోవడం తేలికా, మసీదు దాకా ఉన్నవి పోవడం తేలికా? బళ్ళో చదువుకోలేదా?"

"అది కాదపా, వీడు నన్ను..."

"వీడు నిన్నేమన్నాడో రేపు చెబుదువుగాని, టీ పెడతా. ఇప్పుడు బండెక్కు."

టాక్సీవాడు బండెక్కాడు. అత్తమ్మ అతని వెనకాలే నడుస్తూ, "ఇటు తిప్పు, ఇంకా, ఇంకా, కాలవ ఉంది గుడ్డోడా, ఆగు" అంటూ సందు చివరిదాకా తీసుకెళ్ళింది. లారీ కదిలింది. దాని వెనక అన్నీ కదిలాయి. ఆవిడ దగ్గుకుంటూ లోపలికొచ్చి, పరుపు వైపు చూడకుండా బల్ల దగ్గర కూర్చుంది.

"టీ పొయ్యి," అంది. "రొట్టె ఏమైనా ఉందా?"

నేను వంటగదిలోకి వెళ్ళి, కెటిల్ పట్టుకుని కాసేపు ఊరికే నిలబడ్డాను.

మర్నాడు స్టూలు బయట వెయ్యమంది. ఆ మర్నాడు నేను లేచేసరికే స్టూలు వంపు దగ్గర ఉంది, దాని మీద ఆవిడ ఉంది. మే నెల వచ్చేసరికి ఆ దారిన పోయే డ్రైవర్లందరికీ మా అత్తమ్మ తెలుసు. చెయ్యెత్తితే ఆగేవారు, ఊపితే కదిలేవారు. ఎటువైపు ఎక్కువ బళ్ళుంటే అటువైపుది ముందు. పాలబండీ, అంబులెన్సూ, కడుపుతో ఉన్న మనిషున్న బండీ వస్తే లెక్కల్లేవు, నేరుగా పోవడమే. హారన్ కొట్టినవాడు మాత్రం అందరికంటే చివర. ఒకరోజు నల్లటి పెద్ద కారులోంచి ఒకాయన అద్దం దించి, "నేనెవరో తెలుసా పెద్దావిడా?" అన్నాడు.

"తెలుసు," అంది అత్తమ్మ. "రివర్స్ రానివాడివి."

వెనక బళ్ళవాళ్ళు స్టీరింగుల మీద తలలు పెట్టి నవ్వారు. ఆయన వెనక్కి తీశాడు. నిజంగానే రాదు పాపం, స్తంభానికి గీసుకున్నాడు.

డ్రైవర్లు ఊరికే పోయేవాళ్ళు కాదు. ఒకడు పుచ్చకాయ ఇచ్చేవాడు, ఒకడు ఐస్‌క్రీము. ఎవరో పెద్ద గొడుగు తెచ్చి స్తంభానికి కట్టి వెళ్ళారు. సాయంత్రం లోపలికొచ్చాక ఆవిడ మొహం కడుక్కుని, ఆ రోజు తిట్టాల్సినంత తిట్టలేకపోయిన వాళ్ళని తీరిగ్గా తిట్టేది. అన్నిటికన్నా ఎక్కువ తిట్లు తిన్నది రోడ్డు తవ్వినవాళ్ళు. "వాళ్ళ చేతులకి తెగులు పుట్ట. వాళ్ళ పారలు విరగ." జోల్దోష్ తలొంచుకుని రొట్టె నములుతూ వినేవాడు.

అతనూ రోజూ తెల్లగా దుమ్ముకొట్టుకుపోయి నడిచే వచ్చేవాడు. వ్యాను ఏదని అత్తమ్మ అడిగితే, "గోతికి అవతలే వదిలేస్తున్నానమ్మా, ఒక స్నేహితుడి ఇంటి ఆవరణలో. ఇటు తేవాలంటే సగం రోజు పడుతుంది," అన్నాడు. ఆ రోజుల్లో ఎవరు ఏం చెప్పినా నమ్మేలాగే ఉండేది. రాకపోవడానికైనా, ఆలస్యానికైనా, రోడ్డు అంటే చాలు.

నన్ను మళ్ళీ పనికి పంపింది అత్తమ్మే. "నువ్వింట్లో ఏం చేస్తున్నావు? నా మొహం చూసుకుంటూ కూర్చుంటావా? నీ మిషను నువ్వు కుట్టుకో, పో." పెద్ద రోడ్డు గోతి మీద బల్లలు వేశారు. దాని మీదుగా నడిచి అవతలికి పోతే షెడ్డు. అంత దగ్గరని రోడ్డున్నన్నాళ్ళూ నాకు తెలీలేదు.

జూన్‌లో ఒకరోజు దారం తేవడానికి నన్ను బజారుకి పంపారు. అవతలి వీధిలో ఎండలో నిలబడి ఉంటే దూరంగా నీలం తెరలు కనిపించాయి. చెయ్యెత్తాను. వ్యాను ఆగింది. తలుపు జరిపి ఎక్కబోతూ, "అదృష్టం బావుంది, నువ్వే దొరికావు," అన్నాను.

స్టీరింగు దగ్గర ఉన్నది జోల్దోష్ కాదు. బంగారు పన్నున్న కుర్రాడొకడు.

"ఎక్కండక్కా," అన్నాడు. "తలుపు గట్టిగా లాగండి, కొంచెం పట్టేస్తుంది."

ఆ తలుపు పట్టేస్తుందని నాకు తెలీదా! ఎక్కి కూర్చున్నాను. బండి కదిలాక అడిగాను. "బండి మీదేనా తమ్ముడూ?"

"నాదే. నా పేరు మెదెర్. మే నెల మొదట్లో కొన్నా. తలాస్‌లో మా నాన్న గొర్రెలమ్మి పంపాడు. ఒకాయన దగ్గర కొన్నానక్కా, వాళ్ళ నాన్నదట. తాళాలిచ్చాక వెళ్ళడే! టైర్లు చూశాడు, అద్దం తుడిచాడు, మళ్ళీ టైర్లు చూశాడు. తెరలు విప్పుకుపో అన్నా, చేత్తో కుట్టినవి కదా అన్నా. వద్దన్నాడు."

ఎందుకు వద్దన్నాడో నాకు అర్థమైంది. తెరలు ఇంటికొస్తే సంగతీ ఇంటికొస్తుంది.

ఆ ఆదివారం మా పెరట్లో చెర్రీ పళ్ళు కోస్తున్నాం. జోల్దోష్ నిచ్చెన మీద, నేను కింద బకెట్టు పట్టుకుని. గోడ అవతల అత్తమ్మ గొంతు వినిపిస్తూనే ఉంది.

"వ్యాను ఎలా ఉంది?" అన్నాను.

"బానే ఉంది."

"మెదెర్ బాగానే తోలుతున్నాడు. తలుపు మాత్రం ఇంకా పట్టేస్తోంది."

కొమ్మ చేతిలోంచి జారి పైకి లేచింది. పళ్ళు నా నెత్తిన రాలాయి.

"ఒరేయ్ ఎర్ర కారూ!" అని అవతలనుంచి అత్తమ్మ. "ముక్కు లోపలికి లాక్కో!"

"ఏం చెయ్యమంటావు?" అన్నాడు జోల్దోష్, కిందకి చూడకుండా. "రోడ్డు లేదు. చుట్టూ తిరిగి పోతే మనుషులు మధ్యలో దిగి నడిచి వెళ్ళిపోతున్నారు. నాన్న బండని ముద్దు పెట్టుకుంటూ కూర్చుంటే పొయ్యి వెలుగుతుందా? నువ్వప్పుడు ఇంట్లోనే ఉన్నావు. అమ్మ అప్పుడప్పుడే లేచింది."

"నాకైనా చెప్పచ్చుగా."

"చెబుదామనే రోజూ ఇంటికొచ్చేవాణ్ణి."

"మరి రోజూ ఆ దుమ్మెక్కడిది? ఏం చేస్తున్నావు?"

"ట్యాంకరు తోలుతున్నా. నీళ్ళ ట్యాంకరు. దుమ్ము లేవకుండా తడుపుతా."

"ఎవరిది ట్యాంకరు?"

"ఇంకెవరిది? రోడ్డు తవ్వినవాళ్ళది."

ఎంత ఆపుకున్నా నాకు నవ్వాగలేదు. "వాళ్ళ చేతులకి తెగులు పుట్టాలని అత్తమ్మ రోజూ..."

"వింటూనే ఉన్నాగా. పక్కనే కూర్చుని ఆమీన్ అంటున్నాగా." అతనూ నవ్వాడు. నవ్వుతూనే నిచ్చెన దిగి, మెట్టు మీద కూర్చుండిపోయాడు.

"చెప్పెయ్యి జోల్దోష్."

"చెబితే? అదిగో, విను ఆ గొంతు. ఆర్నెల్ల తర్వాత లేచింది. నాన్న బండి అమ్మేశానంటే మళ్ళీ గోడవైపు తిరిగితే? అప్పుడెవరు లేపుతారు? నువ్వా, నేనా?"

చెప్పకూడదని ఇద్దరం అనుకోలేదు. చెబుదామనీ అనుకోలేదు. బకెట్టు తీసుకుని లోపలికొచ్చాం.

జూలైలో అత్తమ్మకి మామయ్య ఏడాది భోజనాల ధ్యాస పట్టుకుంది. కొచ్కోర్ దగ్గర ఆయన ఊళ్ళో చెయ్యాలి, గుర్రాన్ని కొయ్యాలి, ఇక్కణ్ణుంచి ఆడవాళ్ళందరూ ఆయన బండిలోనే వెళ్ళాలి. "దుమ్ముకి ఆ తెరలు ఏ రంగుకి తిరిగాయో ఏమో. విప్పి తీసుకురా జోల్దోష్, ఉతుకుతా," అంది. అతను ఒక వారం మర్చిపోయాడు. ఇంకో వారం స్నేహితుడు ఊళ్ళో లేడన్నాడు. మూడో వారం అత్తమ్మ, "నేనే వెళ్ళి విప్పుకొస్తా, ఎవరిల్లో చెప్పు," అంది.

మర్నాడు నేను అవతలి వీధిలో నిలబడి, నీలం తెరలొచ్చేవరకూ ఒక్కో వ్యానునీ వదిలేశాను. మెదెర్‌కి ఉన్నదున్నట్టు చెప్పాను. వాడు తల గోక్కుని, "నాకివ్వడానికి ఇబ్బందేం లేదక్కా. కానీ ఎండ పడితే ప్యాసింజర్లు నన్ను తింటారే," అన్నాడు. కొత్తవి కుట్టిస్తానన్నాను. షెడ్డులో మిగిలిన నీలం గుడ్డ తీసుకుని, మధ్యాహ్నం భోజనం వేళల్లో కుట్టాను. అల్లికకి తీరిక లేదు. తెల్ల అంచు మాత్రం వేశాను. వాడికవిచ్చి ఇవి తెచ్చుకున్నాను.

అత్తమ్మ తెరలు ఒళ్ళో వేసుకుని వాసన చూసింది. "సిగరెట్టు. జోల్దోష్ తాగడే!"

"ప్యాసింజర్లు తాగుతారు అత్తమ్మా."

"తాగనిస్తాడా? వాళ్ళ నాన్నైతే దింపేసేవాడు." రెండు నీళ్ళు మార్చి ఉతికింది. ఆరాక ఇస్త్రీ చేసి, నాలుగు మడతలు పెట్టి కొడుకు చేతికిచ్చింది. "రేపే తగిలించు." అతను చొక్కాలో పెట్టుకుని వెళ్ళాడు. ఎక్కడ తగిలించాడని నేనడగలేదు.

ఆగస్టులో అవతలి వీధి కూడా మూసేశారు, పైపులు వెయ్యడానికట. ఆ రోజు మా షెడ్డులో కరెంటు పోయి పెందలాడే పంపించేశారు. బల్లలు దాటి సందులోకి తిరిగేసరికి ఎప్పుడూ లేనన్ని బళ్ళు. ఈ వైపున సిమెంటు లారీ, దాని వెనక కనుచూపు మేర వరస. ఆ వైపున ఒక్కటే తెల్ల వ్యాను, వంపులోకి ముక్కు పెట్టి ఆగి ఉంది. అత్తమ్మ స్టూలు మీదనుంచి లేచి నిలబడి ఉంది. ఒక చెయ్యి వ్యాను ముందు భాగం మీద ఉంది.

నేను అక్కడే ఆగాను. వాళ్ళ మాటలు వినపడేంత దగ్గర్లోనే ఉన్నాను.

"ఎన్నాళ్ళయింది ఈ బండి తీసుకుని?" అత్తమ్మ గొంతు మామూలుగానే ఉంది.

"మేలో తీసుకున్నానపా. నేను వెనక్కి తీస్తానులెండి, ఒక్కణ్ణే కదా." మెదెర్‌కి ఈ ముసలావిడెవరో తెలీదు.

"ఉండు." ఆవిడ పక్కకి నడిచి, కిటికీలోంచి చెయ్యి పెట్టి తెర అంచు పట్టుకుంది. బొటనవేలితో కుట్టు మీద రాసింది. తిరగేసి లోపలి వైపు చూసింది. "ఇవెవరు కుట్టారు?"

"ఒకక్క కుట్టిచ్చిందపా. మంచిది. పాతవి కావాలని అడిగి, బదులుగా..." అంటూండగా వాడి కళ్ళు నా మీద పడ్డాయి. నోరు అలాగే తెరుచుకుని ఉండిపోయింది.

అత్తమ్మ తల తిప్పలేదు. వాడి చూపు ఎటుపోయిందో చూడాల్సిన పని ఆవిడకి లేదు. తెర సర్ది వదిలేసి, సిమెంటు లారీ వైపు తిరిగి చెయ్యెత్తింది.

"వెనక్కి!"

"అపా!" లారీవాడు తల బయటపెట్టి మొత్తుకున్నాడు. "నా వెనక చూశారా? ఆయన ఒక్కడే కదా! మీ రూలే కదా!"

"వెనక్కన్నానా!"

ఆ వరస అంతా వెనక్కి నడవడానికి ఎంతసేపు పట్టిందో. ఒక్క హారన్ మోగలేదు. ఆవిడ మొహం చూసి ఎవరికీ ధైర్యం చాల్లేదనుకుంటాను. ఖాళీ అయిన సందులో వ్యాను నెమ్మదిగా పోయింది. ఆవిడ దాని పక్కనే, తలుపు మీద చెయ్యేసి, చివరిదాకా నడిచింది.

నేను లోపలికెళ్ళి పిండి కలుపుతూ కూర్చున్నాను. ఆవిడ వస్తుందని, వచ్చి పరుపు వెయ్యమంటుందని ఎదురుచూశాను. రాలేదు. రోజూ లాగే పొద్దు వాలేదాకా బయటినుంచి "ఆగు", "పో", "గుడ్డోడా" వినిపిస్తూనే ఉన్నాయి.

జోల్దోష్ వచ్చేసరికి భోజనం సిద్ధంగా ఉంది. అతనికి కళ్ళతో చెబుదామని చూశాను కాని అతను కళ్ళెత్తలేదు. అత్తమ్మే టీ పోసింది, సగం గిన్నె, మర్యాదగా. నిండా పోస్తే లేచి వెళ్ళమన్నట్టు.

"రోడ్డు ఎప్పటికవుతుంది?" అనడిగింది.

"నాకేం తెలుసమ్మా."

"అందులో పనిచేసేవాడివి. నీకు తెలీకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?"

టీ గిన్నె అతని పెదాల దగ్గరే ఆగిపోయింది. "ఎవరు చెప్పారు?"

"ఎవరు చెప్పాలి? బండి మేలో పోయింది. నువ్వేమో రోజూ పని చేసే వస్తున్నావు. నీ బూట్ల మీద తారుంది. ఆ పాటి తెలీదా?" తన గిన్నెలోనూ సగం పోసుకుంది. "కోపం లేదనుకోకు. ఉంది. ఇంకా కొన్నాళ్ళుంటుంది. మీ నాన్న వస్తువమ్మితే నాతో ఒక్క మాట చెప్పాలా, అక్కర్లేదా?"

"చెప్పాలి."

"మరి?"

"మళ్ళీ పడుకుంటావని భయమేసిందమ్మా."

ఆవిడ గిన్నె కింద పెట్టింది. "పడుకుందామనే అనుకున్నా," అంది. "ఇవాళ ఆ బండి వెళ్ళాక లోపలికొచ్చి పడుకుందామనే వెనక్కి తిరిగా. చూస్తే సందు చివర సిమెంటు లారీ కాచుకుని ఉంది. దాని వెనక అన్ని బళ్ళు. నేనే కదా వెనక్కి పంపింది! వదిలేసి ఎలా వస్తా?"

జోల్దోష్ తల వంచుకుని ఏడ్చాడు. ఆవిడ ఏడవద్దనలేదు. రొట్టె ముక్క తుంచి అతని ముందు పెట్టింది. తర్వాత నా వైపు తిరిగింది.

"అంచు రెండు వేళ్ళు మడవాలి. నువ్వు ఒకటే మడిచావు. చలికాలానికల్లా విడిపోతుంది."

"సరే అత్తమ్మా."

"ఆ పిల్లాణ్ణి పిలిచి మళ్ళీ కుట్టివ్వు." అని కొడుకుతో, "నేనుతికిన తెరలెక్కడ పెట్టావు?" అంది.

"ట్యాంకర్లో. సీటు కింద."

"రేపు ట్యాంకరు మన సందులోకి తీసుకురా. ఊరంతా తడుపుతావు, మీ అమ్మ దుమ్ము తింటోంది."

మర్నాడు నిజంగానే తెచ్చాడు. కేబిన్ అద్దాలకి రెండు వైపులా నీలం తెరలు, పొట్టేలు కొమ్ములు ఎర్రగా మెరుస్తూ. ట్యాంకరుకి తెరలేంటని తోటివాళ్ళు నవ్వారట. అత్తమ్మ నవ్వలేదు. కొడుకుని కూడా అందరిలాగే నిలబెట్టి, అవతలివైపు వరస అయ్యేవరకూ ఆపి, అప్పుడు పోనిచ్చింది. సందంతా తడి మట్టి వాసన వేసింది.

సెప్టెంబరులో కొచ్కోర్ వెళ్ళాం. అత్తమ్మ మెదెర్‌నే మాట్లాడింది. జోల్దోష్ డ్రైవరు పక్క సీట్లో కూర్చున్నాడు. కనుమ ఎక్కేటప్పుడు రెండుసార్లు గేరు గురించి ఏదో చెప్పబోయి ఆగిపోవడం వెనకనుంచి చూశాను. కనుమ దాటాక మెదెరే బండి పక్కకాపి, "కాసేపు తోలతావా అన్నా, నాకు నడుము పట్టేసింది," అని దిగాడు. భోజనాలు బాగా జరిగాయి. అత్తమ్మ సమాధి దగ్గర ఎక్కువసేపు కూర్చోలేదు. మోకాళ్ళు నొప్పులంది.

అక్టోబరులో రోడ్డు తెరిచారు. ఎవరో రిబ్బను కత్తిరించారని విన్నాం. పొద్దున నేను లేచేసరికి సందు ఖాళీగా ఉంది. కాలువలో నీళ్ళ చప్పుడు వినిపించింది. అత్తమ్మ స్టూలు వేసుకుని కూర్చుంది. ఒక సైకిలు పోయింది. ఒక పిల్లి పోయింది. పనికి బయల్దేరుతూ, "లోపలికి రండి అత్తమ్మా, చలిగా ఉంది," అన్నాను. "నువ్వు పో," అంది.

ఆ రోజంతా మిషను ముందు కూర్చున్నా కళ్ళల్లో ఇవే. పరుపు, గోడ, "తలుపు వెయ్యి" అన్న మాట. సాయంత్రం పరిగెత్తినట్టే వచ్చాను. గేటు తీసి ఉంది. పరుపులు పొద్దున నేను మడతపెట్టిన చోటే ఉన్నాయి. ఇంట్లో ఆవిడ లేదు. పెరట్లో లేదు. పక్కింట్లో లేదు. జోల్దోష్ వచ్చాడు. ఇద్దరం రెండు వైపులా వెతకడానికి సందులోకొచ్చేసరికి, పెద్ద రోడ్డు వైపునుంచి నెమ్మదిగా నడుచుకుంటూ వస్తోంది. మంచి కోటు వేసుకుంది. కొత్త రుమాలు కట్టుకుంది.

"ఎక్కడికెళ్ళావమ్మా?" అన్నాడు జోల్దోష్, ఎదురెళ్ళి.

"రోడ్డు చూద్దామని. బస్సెక్కి ఆ చివరిదాకా పోయా. మళ్ళీ ఇటు ఎక్కి ఈ చివరిదాకా వచ్చా." ఆవిడ మమ్మల్ని దాటుకుని లోపలికెళ్ళి, చేతులు కడుక్కుని, బల్ల దగ్గర కూర్చుంది. నేను టీ పోశాను. రెండు గుక్కలు తాగింది.

"బాగానే వేశారు," అంది కొడుకుతో. "కానీ ఆసుపత్రి స్టాపు దాటాక ఒకచోట బస్సు ఎగిరి పడింది. నా పక్కనున్న పిల్ల తల అద్దానికి కొట్టుకుంది. మీ వాళ్ళకి చెప్పు."

"చెబుతానమ్మా."

"రేపే చెప్పు. మంచు పడితే తారు అతుక్కోదు."